గోడు చెప్పుకునే భాష

ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో పొద్దున పూట కోర్టు వైపో తహసీల్దారు ఆఫీసు వైపో వెళితే అర్జీలు రాసిపెట్టేవాళ్లు కనిపిస్తారు. చెట్టు నీడనో, జిరాక్స్ అంగడి పంచనో ఒక బల్ల, రెండు కుర్చీలు, తెల్లకాగితాల కట్ట. ఎదుటి కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని తమ గోడు చెప్పుకుంటూ ఉంటారు. రాసే మనిషి కాసేపు వింటాడు, మధ్యలో ఒకటి రెండు సంగతులు అడుగుతాడు, తర్వాత తలొంచుకుని రాసుకుపోతాడు.

రాయడం అయ్యాక చదివి వినిపిస్తాడు. ఆ సమయంలో వినేవాళ్ల ముఖం చూడాలి. "పైటాల బోరింగు కాడ బట్టలు ఉతుకుతాంటి. ఆయప్ప వచ్చినాడు, వచ్చీరాంగనే జుట్టు పట్టుకున్యాడు" అని ఒకామె చెప్పింది. కాగితం మీద అది "పై తేదీన మధ్యాహ్నం సుమారు పన్నెండు గంటల సమయంలో సదరు వ్యక్తి నాపై దౌర్జన్యం చేసినాడు" అయింది. ఆమె ఎవరి కథో విన్నట్టు వింటుంది. తలూపుతుంది. వేలిముద్ర వేస్తూ, "అంతేనా సామీ?" అంటుంది.

అంతేనా అన్న ఆ ప్రశ్న చాలామంది నోట వస్తుంది. కొందరు పైకి అంటారు, కొందరు మనసులో అనుకుని లేచిపోతారు.

దెబ్బ తిన్న మనిషి చెప్పే తీరు వేరుగా ఉంటుంది. ఆ పొద్దు పొయ్యి మీద ఏముందో, చిన్నోడు ఎక్కడ ఆడుకుంటున్నాడో, ఎదురింటామె చూసి కూడా ఎందుకు పలకలేదో, అన్నీ చెప్పాలనిపిస్తుంది. కాగితానికి తేదీ, వేళ, చోటు, పేరు కావాలి. కాగితం పని కాగితానిది. ఏ దరఖాస్తూ మనిషి దుఃఖాన్నంతా మోయలేదు. కానీ రాసేటప్పుడు పక్కకు రాలిపోయే ముక్కల్లో ఒక్కోసారి అసలు సంగతి ఉండిపోతుంది. ప్రొద్దుటూరు బంగారానికి పేరుమోసిన ఊరు. కంసాలి పనిచేసే చోట నేల ఊడ్చిన మట్టిని కూడా పారేయరు, కడిగి అందులోని రజను తీసుకుంటారు. మాటల దగ్గరా అంత ఓపిక ఉంటే బాగుండుననిపిస్తుంది. "ఎదురింటామె తలుపేసుకునింది" అన్న మాటలో ఒక సాక్షి ఉంది. "చిన్నోడు నా కొంగు పట్టుకోని ఏడుస్తాన్యాడు" అన్న మాటలో ఓదార్పు అవసరమైన ఇంకో ప్రాణం ఉంది.

ఈ కడప జిల్లావాడైన కేతు విశ్వనాథరెడ్డి కథలు చదివినవాళ్లకు ఇక్కడి మాటలో ఎంత నిండుదనం ఉందో తెలుసు. అచ్చులో అంత గౌరవం దొరికిన మాట, పోలీసు స్టేషన్ మెట్లెక్కేసరికి బెదిరిపోతుంది. చదువుకున్న సార్ల ముందు తన మాట తప్పేమోనని మనిషి తడబడుతుంది. వచ్చీరాని పుస్తకాల తెలుగులో మాట్లాడబోతుంది, ఆ ప్రయత్నంలో సగం మింగేస్తుంది. తెలుగు తప్ప ఇంకో భాష రాని మనిషికి, తెలుగు నేల మీదే భాష అడ్డుపడటం ఇలాగే ఉంటుంది.

చట్టం రాసినవాళ్లకు ఈ ఇబ్బంది తెలియక కాదు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక, చెప్పినవాళ్లకు దాన్ని చదివి వినిపించి సంతకం తీసుకోవాలని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. 1973లో వచ్చిన కోడ్ ఆ మాటను అలాగే ఉంచింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. ఎఫ్ఐఆర్ నకలు రూపాయి తీసుకోకుండా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఫిర్యాదు చేసినవాళ్లకో బాధితులకో తెలపాలి.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ చదివి వినిపించడమే. నూటపాతికేళ్లుగా చట్టంలో ఉన్న చిన్న మర్యాద అది. గబగబా చదివేస్తే అది ఒక పద్ధతి పూర్తి చేయడం. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, "ఇట్లే కదమ్మా నువ్వు చెప్పింది?" అని అడిగే కానిస్టేబులమ్మ ఉంటే అదే పని ఊరడింపు అవుతుంది. అలా అడిగేవాళ్లు లేకపోలేదు. అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లి వచ్చిన మనిషి, కేసు ఏమైందని ఎవరైనా అడిగితే, "ఆయమ్మ బాగ విన్నింది" అని ముందు ఆ మాటే చెబుతుంది.

తెలుగువాళ్ల సంగతే ఇలా ఉంటే, తెలుగు ఇంటి భాష కానివాళ్ల గురించి తలుచుకోవాలి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వీధుల్లో తెలుగు ఎంత వినిపిస్తుందో ఉర్దూ కూడా అంత సహజంగా వినిపిస్తుంది. ఒకే అంగట్లో ఒకే మనిషి ఒకరితో తెలుగులో, ఇంకొకరితో ఉర్దూలో బేరం చేస్తాడు. గండికోటలో మాధవరాయస్వామి గుడి, జామా మసీదు ఒకే కోటగోడల మధ్య ఉన్నట్టు ఈ రెండు భాషలూ ఇక్కడ ఇరుగుపొరుగుగా బతికాయి. 2022లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా వచ్చింది. అయితే బేరమాడే తెలుగు వేరు, ఏడుస్తూ చెప్పుకునే భాష వేరు. బయటి పనులన్నీ మగవాళ్లే చూసుకునే ఇంట్లో, గడప దాటడం తక్కువైన తల్లికి కూరగాయలు కొనుక్కునేంత తెలుగు వస్తుంది. ఒంటి మీది దెబ్బలు ఎలా పడ్డాయో చెప్పేంత తెలుగు రాకపోవచ్చు.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో, వేముల మండలం తుమ్మలపల్లెలోని యురేనియం గని చుట్టుపక్కల ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు పనిచేస్తారు. ఒడిశా, బిహార్, ఝార్ఖండ్ నుంచి వచ్చి, రేకుల గదుల్లో ఐదారుగురు కలిసి ఉంటారు. కూలి డబ్బు ఎవరైనా లాగేసుకున్నా, ఎవరైనా చెయ్యి చేసుకున్నా వాళ్లు ముందు మేస్త్రీ దగ్గరికే వెళతారు. మేస్త్రీకే తమ భాష తెలుసు కాబట్టి. ఆ మేస్త్రీ మంచివాడైతే సరే. సీమలోని తండాల్లో ముసలమ్మలకు ఇంటి మాట లంబాడీయే. ఎరుకలవాళ్లకు తమ భాష ఉంది. వీళ్లందరూ స్టేషన్‌కు వచ్చేటప్పుడు తమతో ఒక మనిషిని తోడు తెచ్చుకుంటారు. ఆ తోడు మనిషి తరచుగా సొంత బిడ్డే అయి ఉంటుంది.

నాకు కష్టంగా తోచేది ఇదే. బడికి వెళుతూ తెలుగు నేర్చుకున్న పదేళ్ల పిల్ల, తల్లి పక్కన నిలబడి ఆమె మాటలను పెద్దవాళ్లకు తెలుగులో చెబుతుంది. ఆ పిల్ల ఏం వదిలేస్తుందో ఆలోచించండి. నాన్న తిట్టిన తిట్లను అది అంటుందా? రాత్రి జరిగినదాన్ని అమ్మ ఎలా చెప్పిందో అలాగే చెప్పగలదా? తల్లి కూడా బిడ్డ నోటితో చెప్పించలేని మాటలను చెప్పడం మానేస్తుంది. ఇద్దరూ ఒకరిని ఒకరు కాపాడుకోవడానికి కథను చిన్నది చేస్తారు. బల్ల అవతల కూర్చున్నవాళ్లకు అందేది ఆ చిన్న కథే. ఇంటికి వచ్చాక ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతుంది? తన నోటితో అన్న మాటలు దాని మనసులో ఎన్నాళ్లు ఉంటాయి?

బంధువు వచ్చి చెప్పినా అంతే. ఆడబిడ్డ భర్తనో మరిదినో పక్కన పెట్టుకుని, ఇంటి గుట్టు ఇంటి మనిషి ఎదుటే చెప్పమంటే ఏ ఆడమనిషికైనా గొంతు పెగలదు.

పిల్లల విషయంలో మాత్రం చట్టం చాలా మెత్తగా ఆలోచించింది. 2012 నాటి పోక్సో చట్టం చదువుతుంటే, దాన్ని రాసినవాళ్ల ఎదుట ఒక బెదిరిన పిల్ల కూర్చుని ఉందా అనిపిస్తుంది. ఫిర్యాదును పిల్లకు అర్థమయ్యే తేలిక మాటల్లో రాయాలి. ఆ భాష పిల్లకు రాకపోతే దుబాసీని పిలిపించాలి. వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. పిల్ల ఉండే చోటికే, లేదా పిల్లకు నచ్చిన చోటికే వాళ్లు వెళ్లాలి. పిల్లకు ఏ లోపమైనా ఉంటే ప్రత్యేక విద్య నేర్పే టీచరునో, ఆ పిల్ల చెప్పే తీరు తెలిసిన మనిషినో తోడు పెట్టుకోవాలి.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. పల్లెల్లో చెవుడు, మూగతనం ఉన్న ఆడపిల్లలు చాలామంది సైగల భాష నేర్పే బడికి వెళ్లి ఉండరు. వాళ్లకూ తల్లికీ మధ్య ఇంట్లో పుట్టిన సైగలు కొన్ని ఉంటాయి. నీళ్లకు ఒకటి, ఆకలికి ఒకటి, మామకు ఒకటి. ఆ భాష లోకంలో ఇద్దరికో ముగ్గురికో మాత్రమే తెలుసు. అలాంటి పిల్లకు కీడు జరిగితే, తల్లే కళ్లు తుడుచుకుంటూ దుబాసీ కావాలి. నోటితో చెప్పలేని సాక్షికి కోర్టు దుబాసీ సాయం తీసుకోవాలని, దాన్ని వీడియో తీయాలని 2013లో సాక్ష్య చట్టంలో చేర్చారు. ఎవరో ఒకరు ఇలాంటి పిల్లను దగ్గర నుంచి చూసి ఉంటేనే ఇలాంటి వాక్యం పుడుతుంది.

భాష ఇబ్బంది చదువు రానివాళ్లకే అనుకోవడానికి లేదు. పెన్షన్ డబ్బు బ్యాంకులో దాచుకున్న రిటైరైన అయ్యవారికి ఒక ఫోన్ వస్తుంది. ఈమధ్య ఆ మోసగాళ్లు చక్కటి తెలుగులోనే మాట్లాడుతున్నారు. పేరు పెట్టి పిలిచి, గారు అని గౌరవిస్తారు. డబ్బు పోయాక మాత్రం ఆయనకు కనిపించేదంతా ఇంగ్లిషే. బ్యాంకు మెసేజీలు ఇంగ్లిష్, వెబ్‌సైటులో నింపాల్సిన ఫారం ఇంగ్లిష్. సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బును మధ్యలో ఆపే వీలుంది, గంటలు గడిచేకొద్దీ ఆ ఆశ తగ్గిపోతుంది. ఆ గంటల్లోనే ఆయన ఒక ఇంగ్లిష్ మెసేజీని పక్కింటి కుర్రాడితో చదివించుకోవడానికి మొహమాటపడుతూ ఉంటాడు. నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఆ కుర్రాడి ముందు తలవంచుకోవడం డబ్బు పోవడంకన్నా బాధ.

సాయానికి పిలిచే అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. ఆపద వస్తే 112, ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100. అవతల ఫోన్ ఎత్తాక ఏ మాటతో మొదలుపెట్టాలన్నదే కష్టం. కొందరు హలో అన్న గొంతు వినగానే పెట్టేస్తారు.

2021 జులైలో సుప్రీంకోర్టులో జరిగిన ఒక సంగతి మనలో చాలామంది పత్రికల్లో చదివి ఉంటారు. గుంటూరు వైపు ఒక భార్యాభర్తల కేసు. 1998లో పెళ్లయింది. భర్త ప్రభుత్వ ఉద్యోగి. వేధింపుల కేసులో అతనికి శిక్ష పడింది. హైకోర్టు ఆ శిక్షను తగ్గించడంతో, దాన్ని పెంచమని భార్య పై కోర్టుకు వెళ్లింది. వీడియోలో విచారణ జరుగుతోంది. ఆమె ఇంగ్లిషులో చెప్పడానికి ఇబ్బంది పడుతుంటే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ తెలుగులోనే మాట్లాడమన్నారు. ఆమె చెప్పిందాన్ని పక్కనున్న జస్టిస్ సూర్యకాంత్‌కు ఆయనే వివరించారు. భర్త జైలుకు వెళితే ఉద్యోగం పోతుందని, ఆ ఉద్యోగం పోతే ఆమెకు నెలనెలా వచ్చే భరణం కూడా రాదని ఆమెకు తెలుగులో విడమరిచి చెప్పారు. చివరికి ఇద్దరూ కలిసి ఉండటానికి ఒప్పుకున్నారు.

వాళ్లు కలవడం మంచిదా కాదా అన్నది వాళ్ల బతుకుకు సంబంధించిన విషయం, బయటివాళ్లం చెప్పేది కాదు. ఆ వార్తలో నా మనసుకు పట్టుకున్నది వేరు. రెండు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగిన కేసు అది. అన్నేళ్ల తర్వాత ఢిల్లీలో, దేశంలోకెల్లా పెద్ద కోర్టులో, ఒక తెలుగు ఆడమనిషి న్యాయమూర్తితో తన భాషలో మాట్లాడగలిగింది. ఎంతోమందికి ఆ అవకాశం ప్రొద్దుటూరు కోర్టులోనూ పూర్తిగా దొరకదు. అక్కడ సాక్ష్యం తెలుగులోనే చెబుతారు, వకీళ్లు కూడా తెలుగువాళ్లే. కానీ వాదనలో ముఖ్యమైన ముక్కలు, చివరి తీర్పు ఎక్కువగా ఇంగ్లిషులో నడిచిపోతాయి. సాక్ష్యం నిందితుడికి తెలియని భాషలో ఉంటే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలని చట్టం ఉంది. ఉండాల్సిందే, అతని స్వేచ్ఛకు సంబంధించిన విషయం అది. వెనక బెంచీ మీద చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బాధితురాలు మాత్రం వకీలు ముఖకవళికలను బట్టి తన కేసు ఎలా పోతోందో అంచనా కట్టుకుంటూ ఉంటుంది. వాయిదా పడిందన్న ఒక్క మాట ఆమెకు బాగా తెలుసు.

భాష తెలియని చోట పడే ఈ బాధ మన ఇళ్లలోనూ చాలామందికి ఎరుకే. కడప జిల్లా నుంచి కువైట్‌కు వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో. ఇంటిపనికి వెళ్లి, తెలియని అరబ్బీ మధ్య రోజులు గడిపినవాళ్లు. సేఠు ఇంట్లో ఏదైనా జరిగితే, అక్కడి పోలీసుకు చెప్పడానికి అరబ్బీ కావాలి, ఎంబసీలో చెప్పడానికి హిందీ అయినా రావాలి. అక్కడి మన ఎంబసీ ఇలాంటి ఆడవాళ్లకు ఆశ్రయం ఇస్తుంది. తెలుగు సంఘాలవాళ్లు సెలవు రోజుల్లో వచ్చి వాళ్ల మాటను ఇంకో భాషలోకి చెప్పిపెడతారు. ఆ సాయం అందుకుని తిరిగివచ్చిన ఒక అమ్మ, ఎర్రగుంట్లలో రేకుల గది ముందు కూర్చుని ఏడుస్తున్న ఒడియా ఆడమనిషిని చూస్తే, ఆమెకు ఏమి కావాలో మనందరికన్నా ముందు గ్రహిస్తుంది.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లూ ఈ సంగతి ముందే గుర్తించారు. న్యూజెర్సీలో మానవి 1985లో, న్యూయార్క్‌లో సఖి 1989లో, కాలిఫోర్నియాలో మైత్రి 1991లో మొదలయ్యాయి. ఇంట్లో హింసకు గురైన దక్షిణాసియా ఆడవాళ్లు తమ భాషలో ఫోన్ చేసి మాట్లాడుకునే చోటు కావాలని అక్కడి ఆడవాళ్లే కూడబలుక్కుని నడిపిన సంస్థలివి. మైత్రిలో ఫోన్ ఎత్తేవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లూ ఉంటారు. ఇంగ్లిష్ బాగా వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి కూడా ఆ రాత్రి తెలుగు గొంతు వినగానే ఏడ్చేస్తుందంటే ఆశ్చర్యం లేదు. బాధితులకు అర్థం చేసుకునే హక్కు, తమ మాట అర్థమయ్యేలా చెప్పుకునే హక్కు ఉన్నాయని ఐరోపా దేశాలు 2012లో కలిసి రాసుకున్నాయి. మన దేశంలోనూ 2015 ఏప్రిల్ నుంచి సఖి పేరుతో వన్ స్టాప్ సెంటర్లు మొదలయ్యాయి. వైద్యం, పోలీసు, న్యాయ సలహా, కొన్నాళ్లు తలదాచుకునే చోటు అన్నీ ఒకే కప్పు కింద దొరకాలన్నది వాటి ఉద్దేశం. పులివెందుల నుంచో జమ్మలమడుగు నుంచో బస్సెక్కి కడప దాకా వెళ్లిన ఆడమనిషికి, అక్కడ మొదట పలకరించే గొంతు తన యాసలోనో తన ఉర్దూలోనో ఉంటే సగం భయం గుమ్మంలోనే తగ్గిపోతుంది.

నిజానికి ఈ నేలకు భాషతో ఉన్న అనుబంధం చిన్నది కాదు. ఎర్రగుంట్ల మండలం కలమల్లలో క్రీస్తుశకం 575 నాటిదిగా చెప్పే శాసనం ఉంది. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునేది దాన్నే. రేనాటి చోళుల కాలం అది. అంతకుముందు రాజుల మాట సంస్కృతంలోనో ప్రాకృతంలోనో ఉండేది. జనం మాట్లాడుకునే భాషలో చెప్పాలని ఈ పెన్నా తీరాన ఎవరో ఒక పాలకుడికి తోచింది. ప్రొద్దుటూరులో పాఠాలు చెప్పిన పుట్టపర్తి నారాయణాచార్యులకు పద్నాలుగు భాషలు వచ్చని పేరు. పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి రాసిన 'అనువాద సమస్యలు' పుస్తకానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఒక భాషలోని బరువును ఇంకో భాషలోకి దించడం ఎంత పనో తెలిసిన మనుషులు తిరిగిన ఊళ్లివి.

అంత పాండిత్యం ఇక్కడ అక్కర్లేదు. రెండు భాషలు వచ్చి, ఎదుటి మనిషి ఏడుస్తుంటే తొందరపెట్టకుండా కూర్చోగలిగితే చాలు. అలాంటివాళ్లు మన వీధుల్లో చాలామంది ఉన్నారు. ఉర్దూ బళ్లలో పనిచేసి రిటైరైన టీచరమ్మలు. తండా నుంచి వచ్చి డిగ్రీ చదువుకున్న ఆడపిల్లలు. ఫ్యాక్టరీలో ఏళ్లుగా ఉండి తెలుగు నేర్చుకున్న ఒడియా కుటుంబాలవాళ్లు. చెవిటి పిల్లల బడిలో పాఠాలు చెప్పినవాళ్లు. పోక్సో నిబంధనల ప్రకారం ఇలాంటి దుబాసీల పేర్లతో ఒక జాబితాను జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉంచాలి, వాళ్లకు రుసుము కూడా ఇవ్వాలి. కోర్టులున్న ఊళ్లలో మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉంటాయి, పారా లీగల్ వాలంటీర్లు వాటి కోసం పనిచేస్తారు. ఇలాంటి పని ఒకటి ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. ఆ టీచరమ్మలు ఎవరైనా మీకు తెలిసి ఉంటే, ఈసారి కలిసినప్పుడు ఈ మాట చెవిన వేయండి. కడపకు ఎటూ వెళ్లే పని పడుతుంది. ఆ బాలల సంరక్షణ విభాగం ఆఫీసులో ఒక్క పూట ఆగి, ఏ భాష వచ్చో, ఏ వేళల్లో రాగలరో చెప్పి పేరు రాయించుకోవచ్చు.